రుచికి సరిపడా: ఒక టీవీ వంట వాక్యానికి టీకా తాత్పర్యము

అవతారిక

ఏ గ్రంథానికైనా వ్యాఖ్య మొదలుపెట్టే ముందు అనుబంధ చతుష్టయం చెప్పాలంటారు పెద్దలు. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఇక్కడ విషయం పప్పు. ప్రయోజనం మధ్యాహ్నం భోజనం. సంబంధం మా పుట్టపర్తి ఇంట్లో టీవీకీ గ్యాసు పొయ్యికీ నడుమ ఉన్న పదడుగుల దూరం. అధికారి దగ్గరికి వచ్చేసరికి చిక్కు పడింది. ముప్పైరెండేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి, పిల్లల చేత ప్రతిపదార్థాలు రాయించి రాయించి రిటైరైన నాకు వ్యాఖ్య రాసే అధికారం ఉంది, వంటింట్లో లేదు. మా ఇంటామెకు వంటింట్లో సర్వాధికారం ఉంది, వ్యాఖ్య రాసేంత తీరిక లేదు. కాబట్టి ఈ టీకాలో వ్యాకరణం నాది, ఉప్పు ఆమెది.

కోలాచల మల్లినాథ సూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. మెదకు సీమ పండితుడు, మాట మీద నిలబడ్డాడు. నేను ఆ ఒట్టు పెట్టుకోలేను. నేను ఎత్తుకున్న మూలంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ.

గురుపరంపర కూడా చెప్పాలి. మా పెళ్లయిన కొత్తలో ఇంట్లో ఉన్న ఏకైక ప్రమాణగ్రంథం మాలతీ చందూర్ గారి ‘వంటలు - పిండివంటలు’. నూనె మరకలు పడి పడి కొన్ని పేజీలు ఇటునుంచి చూస్తే అటు కనబడేవి. తర్వాత 1993లో జీ టీవీలో సంజీవ్ కపూర్ ‘ఖానా ఖజానా’ వచ్చింది. మా ఇంట్లో ఎవరికీ హిందీ రాదు. అయినా ఆయన నవ్వుతూ చెబుతుంటే అర్థమైనట్టే ఉండేది. ఒకరోజు ఆయన ‘హరా ధనియా’ అన్నాడు. మా ఇంటామె వంటింట్లోంచి, “అంటే ఏంది?” అని అడిగింది. “హరా అనగా పచ్చి. కావున పచ్చి ధనియాలు, వేయించనివి” అని నేను హాల్లోంచి అర్థం చెప్పాను. ఆయన చెప్పింది కొత్తిమీర. ఆ పూట కూరలో దోసెడు ధనియాలు పంటికింద రాళ్లలా తగిలాయి. ఈ టీకాకర్త తొలి వ్యాఖ్యానం అదే. దాని గురించి ఇప్పటికీ ఇంట్లో మాట వస్తుంటుంది.

1995 ఆగస్టులో ఈటీవీ మొదలయ్యాక భాష చిక్కు తీరింది. ‘అభిరుచి’ కార్యక్రమం మన మాటల్లోనే వంట చెప్పింది. 2015 చివరికి ఆ పేరుతో ఏకంగా ఒక చానెలే వచ్చింది. అంతకు ముందే, 2007లో, సంజయ్ తుమ్మ ‘వారేవా’ అంటూ ఇంటర్‌నెట్టులోకి దిగాడు. మా ఇంటామె ఆయన్ని ‘కారణం చెప్పే ఆయప్ప’ అంటుంది. కూరలో పెరుగు వేసేముందు మంట తగ్గించి, పెరుగు చిలికి వెయ్యండి అని ఊరుకోకుండా, లేకపోతే ఎందుకు విరిగిపోతుందో కూడా చెప్పినందుకు ఆ బిరుదు. 2021లో జెమినీ టీవీ తెలుగు ‘మాస్టర్‌చెఫ్’లో ఆయనే, చలపతిరావు, మహేష్ పడాల గార్లతో కలిసి న్యాయనిర్ణేతగా కూర్చుంటే, తెలిసినవాళ్ల పిల్లోడు కలెక్టరైనట్టు సంబరపడింది.

మూలము

“హాయ్ వ్యూయర్స్! ఇప్పుడు స్టవ్ ఆన్ చేసుకుని, బాండీ పెట్టుకుని, రెండు స్పూన్ల ఆయిల్ వేసుకుని, అది హీటెక్కాక ఆవాలతో తాలింపు పెట్టుకుని, ముందుగా కట్ చేసి పెట్టుకున్న ఉల్లిపాయ ముక్కలు గోల్డెన్ బ్రౌన్ వచ్చేదాకా వేయించుకుని, ముందుగా ఉడికించి పెట్టుకున్న కందిపప్పు, నిమ్మకాయంత చింతపండు రసం, రుచికి సరిపడా ఉప్పు వేసుకుంటే, ఎంతో రుచికరమైన పప్పు రెడీ!”

ఇది ఏ ఒక్కరి నోటి మాటా కాదు. ముప్పైయేళ్లుగా ఏ చానెల్ తిప్పినా చెవిన పడుతున్న మాటల్ని పోల్చి చూసి, కుదిర్చి, పరిష్కరించిన ప్రతి.

ప్రతిపదార్థము

హాయ్ వ్యూయర్స్ = ఓ చూపరులారా. సంబోధన ప్రథమా విభక్తి. ‘వండేవారలారా’ అనలేదు, గమనించాలి. మూలకర్తకు లోకజ్ఞానం ఉంది. ధర్మవరంలో మా చెల్లెలి ఇల్లు మగ్గాల ఇల్లు. మధ్యాహ్నం ఆడవాళ్లు కండెలు చుడుతూ వంటల ప్రోగ్రాం పెట్టుకుంటారు. ఒకసారి అరగంట కార్యక్రమం అయ్యాక, “ఏం వండింది ఆయమ్మ?” అని అడిగాను. ఒక్కరికీ గుర్తు లేదు. యాంకర్ కట్టింది ధర్మవరమా కంచా, అంచులో జరీ అసలుదా కాదా, పల్లూకీ ఒంటికీ రంగు కలిసిందా లేదా అని మాత్రం నలుగురూ వాదులాడుకుంటున్నారు. చూపరులంటే వీళ్లే. ఆ సంబోధన సార్థకం.

ఇప్పుడు = అథ. సూత్రగ్రంథాలు చాలావరకు అథ శబ్దంతో మొదలవుతాయి. అథ అంటే ‘ఆ తర్వాత’ అని భాష్యకారుల నిర్ణయం. అయితే, దేని తర్వాత? పిల్లల్ని బడికి పంపి, నీళ్లు పట్టి, అంట్లు తోమి, మా అమ్మకు చక్కెర మాత్ర ఇచ్చి, ఆ తర్వాత. ఈ పూర్వరంగం తెరమీద కనిపించదు.

చేసుకుని, పెట్టుకుని, వేసుకుని, వేయించుకుని = ఇవన్నీ క్త్వార్థకాలు, అక్కడ పేచీ లేదు. పేచీ అంతా నడుమ దూరిన ‘కొను’ దగ్గర. తెలుగు క్రియకు ‘కొను’ చేరితే పని ఫలం చేసినవాడికే దక్కుతుంది. వండాడు అంటే ఎవరికోసమైనా కావచ్చు. వండుకున్నాడు అంటే తనకోసమే. సంస్కృతంలో ఈ తేడా చెప్పడానికి వైయాకరణులు వంటింటికే వెళ్లారు. వంటవాడు యజమాని కోసం వండితే పచతి, పరస్మైపదం. తన కడుపు కోసం వండుకుంటే పచతే, ఆత్మనేపదం. ఆ మాటకొస్తే శాస్త్రాల్లో ఉదాహరణలు సగం వంటింటివే. దేవదత్తుడు అన్నం వండుతున్నాడు, దేవదత్తుడు కుండలో వండుతున్నాడు, దేవదత్తుడు కట్టెలతో వండుతున్నాడు. తరతరాలుగా ఆ దేవదత్తుడు గ్రంథాల్లో పొయ్యి దగ్గరనుంచి లేచిన పాపాన పోలేదు. ఇళ్లలో మాత్రం అతను టీవీ ముందు కూర్చుని, “ఇంకా ఎంతసేపు?” అంటుంటాడు.

మరి మన మూలంలో ఆత్మనేపదం ఎలా పొసగుతుంది? మా ఇంట్లో అందరూ తిని లేచాక, రెండున్నరకు, గిన్నె అడుగున మిగిలిన పప్పుతో తినే మనిషికి ‘వేసుకుని, చేసుకుని’ అని ఫలం తనకే అంటగట్టడం అన్వయం కాదు. ఈ ‘కొను’ మర్యాదార్థకమా, అలవాటా, స్టూడియోలో పుట్టిన అలంకారమా అని మూడు రోజులు విచారించి చివరికి మా ఇంటామెనే అడిగాను. “దాంట్లో అంత ఆలోచించేదేముంది? అంతా మీరే చేసుకోవాల అని చెప్తాండారు. ఇంగెవురూ చెయ్యరని వాళ్లకీ తెలుసు” అంది. ఈ అర్థం నాకు ఏ వ్యాకరణంలోనూ దొరకలేదు. సిద్ధాంతంగా స్వీకరిస్తున్నాను.

రెండు స్పూన్ల = ద్విగు సమాసం కాదు గానీ, ఇల్లు కూల్చే పదం. గిద్ద, సోల, తవ్వ, మానిక, పడి అని కొలిచిన జాతి మనది. మాలతీ చందూర్ గారిని చదివి వండినప్పుడు కూడా చేతిలో సోలే ఉండేది. టీవీ వచ్చి స్పూను తెచ్చింది. టీస్పూను అయిదు మిల్లీలీటర్లు, టేబుల్‌స్పూను పదిహేను. యాంకర్ ఉత్త ‘స్పూను’ అనేస్తుంది. ఒకటికి మూడింతలు తేడా. మా ఇంట్లో ఉన్నది హార్లిక్స్ సీసాతోపాటు వచ్చిన స్పూను ఒకటి, పెళ్లిలో చదివించిన పాయసం స్పూన్లు ఆరు. మా కోడలు కొత్తగా వచ్చినప్పుడు పాయసం స్పూనుతో రెండు స్పూన్ల కారం వేసింది. తెరమీద ఆయన వేసినంతే వేసింది, పాపం. ఆయన వాడింది రంగుకోసం వేసే కాశ్మీరీ రకం. మా డబ్బాలో ఉన్నది గుంటూరు. అప్పట్నుంచి మా ఇంట్లో బ్యాడిగి, గుంటూరు కలిపి కొట్టిస్తున్నారు. రంగుకు అది, కారానికి ఇది. నోరు మండబట్టి నేర్చుకున్నది మాత్రం మరిచిపోలేదు.

తాలింపు = తిరవాత. ఇక్కడ పాఠభేదాలు ఉన్నాయి. కృష్ణా గోదావరి ప్రతుల్లో ‘పోపు’, కొన్నింట ‘తాలింపు’. హిందూపురం దాటి గౌరిబిదనూరు వైపు పోతే కన్నడంలో ‘ఒగ్గరణె’. మా సీమ పాఠం ‘తిరవాత’, తిరగవాత అని కూడా పెద్దలంటారు. టీవీ వచ్చాక మా వీధిలో చిన్నపిల్లలు ‘తాలింపు’ అనడం మొదలుపెట్టారు. ఎర్రగడ్డ ఉల్లిపాయైంది, తెల్లగడ్డ వెల్లుల్లి అయింది, ఉద్దిబ్యాళ్లు మినప్పప్పు అయ్యాయి, చెనిక్కాయలు పల్లీలయ్యాయి. రుచి మారలేదు, నిజమే. అయినా నోట్లోంచి ఒక్కో మాటా జారిపోతుంటే పాతకాలపు పంతులికి చిరాకు పుట్టడం సహజం, క్షమించాలి. ఒక్క చోట మాత్రం మా మాట గట్టిగా నిలబడింది. మాకు ‘పప్పులు’ అంటే వేయించిన శనగపప్పు, మిగతా ఆంధ్రంలో పుట్నాలు. టీవీలో ‘పప్పుల పొడి’ అని ఎవరో అంటే కోస్తావాళ్లు కందిపప్పు పొడి చేసుకుంటారు, మేం పుట్నాలు పొడి కొడతాం. ఒకే మాటతో రెండు వంటలు. శ్లేష అంటే ఇదే.

ఆవాలు చిటపటలాడటానికి కారణం లోపలి తేమ ఆవిరై తొక్క పగలడం. ముందు నూనె కాగాలి, ఆవాలు పగలాలి, తర్వాతే ఉద్దిబ్యాళ్లు, ఎండుమిరపకాయ, కరివేపాకు. ఈ వరస టీవీ నేర్పలేదు. మా అమ్మ నేర్పింది. మా అమ్మకు కళ్లల్లో పొర వచ్చి తెర సరిగ్గా కనబడదు. ఆమె టీవీ చూడదు, వింటుంది. ఆవాలు పగిలే చప్పుడు సాంతం ఆగకముందే యాంకర్ మాట్లాడటం మొదలెడితే, “ఇంకా కాలేదమ్మా, ఉండు” అని తెరకు చెబుతుంది.

ముందుగా = ఈ వాక్యం మొత్తంలో గూఢమైన మాట ఇదే. రెండుసార్లు వచ్చింది. పునరుక్తి దోషం కాదు, రహస్యం. ‘ముందుగా కట్ చేసి పెట్టుకున్న’ అనే విశేషణానికి కర్త ఎవరు? తెరమీద నిలబడ్డ మనిషి కాదు. అక్కడ గాజు గిన్నెల్లో ముక్కలు సిద్ధంగా ఉంటాయి. కళ్లు నీళ్లు పెట్టుకుంటూ ఆ ఎర్రగడ్డలు తరిగిన చెయ్యి కెమెరాకు అవతల ఉంది. మీమాంసకులు దీన్ని అధ్యాహారమంటారు. వాక్యంలో లేని పదాన్ని తెచ్చి పూరించుకోవడం.

‘ముందుగా ఉడికించి పెట్టుకున్న కందిపప్పు’లో అధ్యాహారం ఇంకా పెద్దది. ఒక్క చిన్న విశేషణంలో గంటన్నర దాక్కుంది. హైదరాబాదు స్టూడియోలో కుక్కరు మూడు కూతలేస్తే పప్పు వెన్నవుతుంది. మా బోరు నీళ్లల్లో ఆరు కూతలకూ పలుకులే. నీళ్లల్లో సున్నపు లవణాలు ఎక్కువైతే పప్పు తొందరగా మెత్తబడదు. గింజ గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్‌ను కాల్షియం ఇంకా బిగిస్తుంది. మా జిల్లా నేలలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలిసిందే, పప్పు సంగతి వండేవాళ్లకే తెలుసు. 1995-96లో సత్యసాయి తాగునీటి పథకం వచ్చి అనంతపురం జిల్లాలో 700కు పైగా ఊళ్లకు నీళ్లందినప్పుడు పేపర్లన్నీ ఆరోగ్యం గురించి రాశాయి. మా అమ్మ మాత్రం, “ఈ నీళ్లల్లో బ్యాళ్లు దబ్బున ఉడుకుతాయి” అని రెండు బిందెలు వంటకని వేరేగా పట్టి మూత పెట్టింది. ఈనాటికీ మా ఇంట్లో పప్పుకొక నీళ్లు, పాత్రలకొక నీళ్లు. ఏ చెఫ్ నోటా ‘ఏ నీళ్లు’ అన్న మాట నేను వినలేదు.

అలాగని ‘ముందుగా’ పూర్తిగా మాయ కూడా కాదు. చింతపండు తర్వాత వెయ్యమనడంలో కారణం ఉంది. పులుపు తగిలితే పప్పు ఉడకడం మందగిస్తుంది. ఇక మా ఇంటామె టీవీ నుంచి నిజంగా నేర్చుకున్నదేమిటని అడిగితే మొదట చెప్పేది ఇదే: పొయ్యి వెలిగించకముందే అన్నీ తరిగి గిన్నెల్లో పెట్టుకోవడం. పూర్వం బాండ్లిలో ఆవాలు చిటపటలాడుతుంటే ఆమె కత్తిపీట మీద ఎర్రగడ్డ తరుగుతుండేది. కాస్త ఆలస్యమైతే తిరవాత మాడేది. ఇప్పుడు మాడదు. బదులుగా రోజుకు ఆరు గిన్నెలు ఎక్కువ తోమాలి. తెరమీద అవి ఎవరు తోముతారన్నది మరో అధ్యాహారం.

గోల్డెన్ బ్రౌన్ = బంగారువర్ణము. ఉపమాలంకారం. పుట్టపర్తిలో ఎర్రగడ్డ ముట్టని ఇళ్లు కొన్ని ఉన్నాయి. వాళ్లకు ఈ పదం వర్తించదు, వాళ్లు ఇంగువతో సర్దుకుంటారు. మిగతావాళ్లకు శంక ఏమిటంటే, ఎంతసేపు? తెరమీద రెండు నిమిషాలు. ఇంట్లో సన్న సెగ మీద పావుగంటకు తక్కువ కాదు. ఎర్రగడ్డలోని నీళ్లు ఇంకాలి, ఆపైన చక్కెరలూ మాంసకృత్తులూ వేడికి కలిసి రంగు తిరగాలి. 1912లో మయార్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వివరించిన మార్పు ఇది. ఎడిటింగ్ బల్ల మీద జరిగే మార్పు కాదు. రెండు నిమిషాలని నమ్మి మంట పెద్దది చేసినవాళ్లకు దక్కేది అంచు నలుపు, నడుమ పచ్చి. మా కోడలు ఒకేడాది ఇలా చాలా ఎర్రగడ్డల్ని పాడుచేసి, చివరికి టీవీ నిమిషాలను ఎనిమిదితో హెచ్చవేసుకునే సూత్రం కనిపెట్టింది. బ్రహ్మదేవుడి దినానికీ మన దినానికీ తేడా ఉన్నట్టే.

నిమ్మకాయంత చింతపండు = ఉపమానం నిమ్మకాయ, ఉపమేయం చింతపండు, సాధారణ ధర్మం పరిమాణం. చక్కగానే ఉంది, హిందూపురం చేరేదాకా. మా తోడల్లుడు అక్కడ చింతపండు మండీలో లెక్కలు రాస్తాడు. ఈ మాట వినబడగానే టీవీ వైపు వేలు పెట్టి, “కరిపులా, ఫ్లవరా?” అని అడిగాడు. అక్కడి మార్కెట్లో ఆ రెండు రకాలకూ రెండు కుప్పలు, రెండు ధరలు. పైగా కొత్త పండు రంగు తేలిక, ఏడాది నిలవైతే నల్లబడుతుంది. అదే నిమ్మకాయంత ఉండ, మార్చిలో చేసిన పప్పు ఒకలా, మరుసటి జనవరిలో చేసిన పప్పు ఇంకొకలా. “నిమ్మకాయ కూడా ఏ నిమ్మకాయ?” అని అతను రెట్టించాడు. ఈ శంకకు సమాధానం శాస్త్రాల్లో లేదు. మా ఇంటామె రసం పిసికేటప్పుడు వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంటుంది. ఇది ప్రత్యక్ష ప్రమాణం. మిగతా ప్రమాణాలన్నీ దీని తర్వాతే.

రుచికి సరిపడా = (ఇక్కడ టీకాకర్త కలం పెట్టి, నీళ్లు తాగి వచ్చాడు.)

పూర్వపక్షం: ఇది చెప్పవలసింది చెప్పకుండా తప్పించుకోవడమే. ఎంత ఉప్పో తెలియకే కదా టీవీ పెట్టింది. నూనెకు లెక్క చెప్పి, చింతపండుకు లెక్క చెప్పి, ప్రాణమంతా ఉన్న ఉప్పు దగ్గర చేతులెత్తేయడం ఏం న్యాయం?

సిద్ధాంతం: కాదు. మూలకర్త అక్కడ ఒక్కచోటే నిజం చెప్పాడు. మిగతా కొలతలు స్టూడియోవి, ఇది ఒక్కటి ఇంటిది. మా అమ్మకు రక్తపోటు, నాకు చప్పిడి నచ్చదు, మనవడికి ఊరగాయ పక్కన ఉంటుంది గనుక పప్పులో తగ్గాలి. ఈ మూడు నాలుకల్నీ ఎరిగి పడే చిటికెడును హైదరాబాదులో కూర్చుని ఎవరు లెక్కించగలరు? గుంటూరు జిల్లా మస్తానమ్మ గారిని గుర్తు తెచ్చుకోవాలి. నూరేళ్లు పైబడిన ఆమె, మునిమనవడు వీడియో తీస్తుంటే, కట్టెల పొయ్యి ముందు నేలమీద కూర్చుని పుచ్చకాయలో కోడికూర వండింది. ‘కంట్రీ ఫుడ్స్’ చానెల్‌లో లోకమంతా చూసింది. 2018 డిసెంబరులో ఆమె పోయినప్పుడు విదేశీ పత్రికలు కూడా రాశాయి. ఆమె వంటలో స్పూను లేదు. గుప్పిట్లోంచి ఉప్పు పడేది, అంతే. మా ఇంటామె ఆ గుప్పిటనే చూసేది. “ఎంత వేసిందో కనబడ్లేదు కదా” అంటే, “వేసినాక ఆయమ్మ మొగం చూసినా. చాలింది అని తెలుస్తాది” అంది.

అవాంతర విచారము: అర్థవాదము

వేదవాక్యాలను మీమాంసకులు విధి అనీ అర్థవాదమనీ విడదీస్తారు. ఫలానా పని చెయ్యమనేది విధి, ఆ పనిని పొగిడేది అర్థవాదం. వంట కార్యక్రమంలో ‘ఉప్పు వేసుకోవాలి’ విధి. ‘ఎంతో రుచికరమైన’ అర్థవాదం. యాంకర్ చివర్లో చెంచాడు నోట్లో పెట్టుకుని, కాలే నాలుకతో కళ్లు మూసుకుని ‘వావ్’ అనడం మహార్థవాదం. ఇన్నేళ్లలో ఒక్కరు, కనీసం ఒక్కరు, ‘ఉప్పు తగ్గిందండీ’ అన్న పాపాన పోలేదు. స్థాలీపులాక న్యాయం ప్రకారం ఒక్క మెతుకు పట్టి చూస్తే కుండంతా తెలియాలి. అక్కడ మెతుకు నోట్లో పడకముందే కుండ బాగుందని తేలిపోతుంది.

అమెరికాలో జూలియా చైల్డ్ అనే ఆమె 1963లో ‘ది ఫ్రెంచ్ చెఫ్’ మొదలుపెట్టింది. బంగాళదుంప అట్టు తిప్పబోతే సగం పొయ్యి బల్ల మీద పడింది. ఆమె దాన్ని ఏరి మళ్లీ పెనంలో పెట్టి, వంటింట్లో మీరు ఒక్కరే ఉన్నప్పుడు ఎవరు చూడవచ్చారు అన్న ధోరణిలో సాగిపోయింది. మనవాళ్లు పడిపోయిన అట్టును కత్తిరించి పారేస్తారు. పెనం నుంచి కాదు, టేపు నుంచి. అందువల్ల ఇంట్లో అట్టు చినిగిన పిల్ల తానొక్కతే లోకంలో చేతకానిదనుకుంటుంది.

ఖండనము

మా ఉగ్గాని గురించి మాట్లాడకుండా ఈ టీకా ముగిస్తే ఊళ్లో తలెత్తుకోలేను. బొరుగులు నీళ్లల్లో ముంచి, పిండి, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయలతో తిరవాత వేసి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జి పెట్టుకుని తినేది ఉగ్గాని. టీవీలో ఒకాయన దీన్ని ‘బొరుగుల ఉప్మా’ అన్నాడు. ఇది అపపాఠము. ఉప్మాలో రవ్వ నీళ్లల్లో ఉడుకుతుంది, ఉగ్గానిలో బొరుగులు ఉడకనే ఉడకవు. కన్నడ ఒగ్గరణెకు ఉగ్గానికి చుట్టరికం ఉందని ఈ టీకాకర్త నమ్మకం, పండితులు కాదంటే వాదనకు సిద్ధం. బజ్జి లేకుండా వడ్డించడం ఆ కార్యక్రమంలో జరిగిన రెండో అపరాధం. దాని గురించి రాస్తే రక్తపోటు పెరుగుతుంది.

సంకటి సంగతి వేరే. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పుడు ప్రతి చానెల్‌లోనూ రాగులు, కొర్రలు ఊరేగాయి. ఒక చెఫ్ గారు రాగి సంకటిని నిమ్మకాయంత ఉండ చేసి, పెద్ద తెల్లటి పళ్లెం నడుమ పెట్టి, పైన కొత్తిమీర రెమ్మ నిలబెట్టారు. మా కోడలు అలాగే చేసి మా అమ్మ ముందు పెట్టింది. అమ్మ తడిమి చూసి, “ఇది ఎవురికి? దిష్టి తీసేకా?” అంది. తర్వాత, “మన సంకటి మనకే నేర్పుతాండాడే వీడు” అని చాలాసేపు నవ్వింది. అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. మా ఇంట్లో ఇరవైయేళ్లుగా తెల్లన్నం తప్ప ముట్టని మనవడు ఆ పళ్లేన్ని ఫోనులో ఫొటో తీసి, ఆ తర్వాత తిన్నాడు. సంకటి కట్టె అటక మీంచి దిగింది.

పెనుకొండలో మా మేనకోడలి కథ ఈ వ్యాఖ్యానానికే కొరుకుడు పడటం లేదు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు వచ్చి కూర్చున్న ఊరది. 2019లో కియా కార్లు బయటికొచ్చాక ఆ పక్కల కొరియా అక్షరాల బోర్డులు వెలిశాయి. మేనకోడలు కొరియావాళ్లు దిగే ఒక ఇంట్లో వంట చేస్తుంది. కిమ్చి చెయ్యడం ఫోనులో నేర్చుకుంది. ఆ భాష ఒక్క ముక్క రాదు. శబ్దం తీసేసి చేతులే చూస్తుందట. క్యాబేజీకి ఉప్పు పట్టించి, కడిగి, కారం ముద్ద రాసి డబ్బాలో కుక్కి, రెండు రోజులు బయట ఉంచాలని వీడియోలో అంకె చూసి తెలుసుకుంది. ఏప్రిల్ నెల. ఆమె ఒక్క పూట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేసింది. “రెండు రోజులన్నారు కదే?” అన్నాను. “వాళ్లది చలిదేశం మామా. మన ఎండకు దోసెపిండే పొద్దున రుబ్బితే సాయంత్రానికి పొంగి పారతాది” అంది. మూలభాష రాకుండా మూలాన్ని సవరించిన వ్యాఖ్యాత నాకు మరొకరు తెలియరు. ఆమె దాన్ని ‘క్యాబేజీ ఊరగాయ’ అంటుంది. కొరియా ఆయన రెండోసారి వేయించుకున్నాడట. వేయించుకున్నాడు, ఆత్మనేపదం, ఇక్కడ సరిగ్గా కుదిరింది.

తాత్పర్యము

మొన్న మా ఇంటామె మేనకోడలి పెళ్లికి చీరలు చూడటానికి ధర్మవరం వెళ్లింది. కోడలు బడి నుంచి రావడానికి ఇంకా టైముంది. టీకాకర్త పైన రాసిన కాగితాలన్నీ తెచ్చుకుని, ఒక్కో పదానికీ అర్థం చూసుకుంటూ, దేవదత్తుడి పరువు నిలబెట్టడానికి పొయ్యి దగ్గర నిలబడ్డాడు. కుక్కరు పక్క పొయ్యి మీద కూతలేస్తోంది. బాండ్లి పెట్టాను, నూనె పోశాను, ఆవాలు వేశాను. ‘హీటెక్కాక’ అన్న పదానికి నేను టీకా రాయలేదని అప్పుడు గుర్తొచ్చింది. కాగితాలు తిరగేస్తున్నాను.

హాల్లోంచి మా అమ్మ, “ఆవాలు మాడుతాండాయి రా, మంట తగ్గించు” అంది.

తగ్గించాను. ఎర్రగడ్డలు వేశాను. “ఉప్పు ఎంతమ్మా?” అని అడిగాను.

“చాలినంత.”

ధర్మవరానికి ఫోను చేశాను. వెనకాల బేరం నడుస్తోంది. “ఉప్పు సంగతి తర్వాత. పప్పులో ఏ బిందె నీళ్లు పోసినారు?” అంది మా ఇంటామె. కుళాయి తిప్పి పట్టానన్నాను. కాసేపు అవతల మాటే లేదు. చీరల వ్యాపారి ఎవరో పన్నెండు వేలకు తగ్గనంటున్నాడు.

ఇది చిత్రావతీ తీరవాసియు, విశ్రాంత ఆంధ్రోపాధ్యాయుడును, కొత్తిమీర ధనియాల భేదమెరుగని వాడును అగు ఒకానొక దేవదత్తునిచే రచింపబడిన ‘రుచికి సరిపడా’ వ్యాఖ్యయందు ప్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసము పప్పు ఉడికిన పిమ్మట.